అన్నయ్య నడుము

డ్రైవింగ్ స్కూల్, ముందు గది

ఒరే దారం,

ఈ పార్సిల్లో నా పాత ప్యాంట్లు రెండు పంపిస్తున్నాను. మోకాళ్ళ దగ్గర పల్చబడ్డాయి, వాటిని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. అదే కొలతకి కొత్తవి రెండు కుట్టి పంపు. ఉత్తరం ఎప్పటిలాగే కుడి జేబులో పెడుతున్నాను. ఫోన్ చేసుకుంటే మనిద్దరం అరుచుకోవడం తప్ప ఇంకో పని జరగదు కాబట్టి నువ్వూ జేబులోనే జవాబు పెట్టు.

మీ వదిన నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. నాన్న పోయిన వయసు నాకు దగ్గరపడుతోందని ఆవిడకి బెంగ. డాక్టర్ గది మేడ మీద. సగం మెట్ల దగ్గర బూటు లేసు ఊడితే కట్టుకోవడానికి ఆగాను. దానికీ మీ వదిన మొహం అదోలా పెట్టింది.

ఆ డాక్టరు ఈనుపుల్లలా ఉన్నాడు. చక్కెర అంచు మీదుందట, రక్తపోటు పైకి పోయిందట, రక్తంలో కొవ్వు పెరిగిందట. మూడూ కలిసి చివరికి గుండె మీదకే వస్తాయట. ఇప్పుడే మేలుకుంటే చాలావరకు ఆపుకోవచ్చట. అన్నిటికంటే పొట్ట చూడాలన్నాడు. నడుము కొలత మనిషి ఎత్తులో సగం దాటకూడదన్నాడు. అక్కడ దొరికాడు నాకు! నా ఎత్తు అరవై ఎనిమిది అంగుళాలు, నడుము ముప్పై నాలుగు, సరిగ్గా సగం అన్నాను. నర్సు టేపు పట్టుకొస్తే వెనక్కి పంపాను. మా తమ్ముడు దర్జీ, మీ టేపు నాకెందుకని ప్యాంటు పట్టీ తిరగేసి నువ్వు కుట్టిన చీటీ చూపించాను. డాక్టరు ఓసారి చీటీని చూసి, ఓసారి నా పొట్టని చూసి, ఏదో గొణుక్కున్నాడు.

మీ వదినకి ఇంటికొచ్చాక ఒట్టేసి చెప్పాను. మా తమ్ముడు కుట్టిన ముప్పై నాలుగు ప్యాంటుకి బొత్తాం పడని రోజున డాక్టర్ చెప్పిందల్లా చేస్తాను, చక్కెర మానేస్తాను, కుక్కలా వీధులెంట నడుస్తాను. అంతవరకూ ఆవిడా నువ్వూ నోరు మూసుకోండి.

నీ అన్నయ్య


కుట్టుగది

అన్నయ్యకి,

ప్యాంట్లు అందాయి. ఉతికే ముందు జేబులు దులిపాను. కుడి జేబులో నీ ఉత్తరం ఉంది. ఎడమ జేబులో పిడికెడు బిస్కెట్ పొడి, చాక్లెట్ కాగితాలు ఉన్నాయి. నా గదిలో చీమలు నీ పార్సిల్ కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నాయి.

నీ ఉద్యోగం నాకు తెలుసు. పొద్దున నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటే సాయంత్రానికి గాని దిగవు. వాళ్ళ మీద అరిచి అరిచి అలిసిపోయి బిస్కెట్లు తింటావు. నీ కాలు కదిలేది నీ వైపు బ్రేకు తొక్కడానికే.

నాన్న సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. ఆ పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుని చొక్కా పై బొత్తాం విప్పుకుంటూ "ఈ చొక్కా ఇరుకైందేమిట్రా" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ చొక్కా నేను కుట్టిందే. అది ఇరుకవలేదని నాకు తెలుసు. ఇప్పటికీ ఎవరైనా కొట్లోకొచ్చి చొక్కా పట్టేస్తోందంటే నా చేతులు చల్లబడతాయి.

తిన్న వెంటనే కుర్చీలో కూలబడకుండా కాసేపు నడు. టీలో చక్కెర తగ్గించు. రాత్రి టీవీ ముందు కూర్చుని తినే వేపుళ్ళు మానేసి తొందరగా పడుకో. ఇంకో మాట. కొలత ఓసారి అక్కడే ఎవరి దగ్గరైనా కొత్తగా తీయించుకుని రాయి. ఎన్నో ఏళ్ళ నాటి కొలత కదా.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూల్, ముందు గది

ఒరే సణుగుడు సన్నాసీ,

కొలత వేరేవాడి దగ్గర తీయించుకోవాలా? నీ చేతిలో పని పోయిందా, కళ్ళు పోయాయా?

చదువు అబ్బలేదని నాన్న నిన్ను మిషను ముందు కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ లోకంలో ప్రతి మనిషికీ నడుమూ చాతీ తప్ప ఇంకేమీ లేవనుకుంటున్నావు. ఇప్పుడు డాక్టరీ కూడా మొదలెట్టావు. నాన్న నువ్వు కుట్టిన చొక్కాలోనే పోయాడని నువ్వే రాశావు. అందులో నీ గొప్పేముందో నాకు అర్థం కాలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం ఓసారి బిగుతుగా కుట్టి పంపావు, గుర్తుందా? బస్సెక్కి వచ్చి మరీ నీ కొట్లో జనం ముందు ఆ ప్యాంటు నీ మొహాన కొట్టాను. కత్తెర పట్టుకోవడం రానివాడికి కొట్టెందుకని అడిగాను. పెళ్ళి బట్టల కోసం వచ్చినవాళ్ళు గుడ్డ మడత పెట్టుకుని వెళ్ళిపోయారు. నువ్వు నేల చూపులు చూస్తూ నిలబడ్డావు. ఆ రోజు నుంచి చూడు, ఒక్క ప్యాంటైనా తేడా వచ్చిందా? నీకు బుద్ధి చెప్పాలంటే అలాగే చెప్పాలి.

ముప్పై నాలుగు. కుట్టి పంపు. నీతులు వద్దు.

అన్నయ్య


కుట్టుగది

అన్నయ్యకి,

రెండు ప్యాంట్లూ పంపుతున్నాను. నువ్వు చెప్పిన కొలతకే కుట్టాను. ముప్పై నాలుగంటే ముప్పై నాలుగు, ఒక్క నూలు ఎక్కువ లేదు.

బొత్తాం పడకపోతే ఏం చేస్తానని ఒట్టేశావో ఆ ఉత్తరం నా మిషను సొరుగులో ఉంది.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూల్, ముందు గది

ఒరే ద్రోహీ,

బొత్తానికీ కాజాకీ మధ్య రెండు బెత్తెల దూరం. ఊపిరి బిగబట్టినా, మంచం మీద పడుకుని లాగినా, మీ వదిన వెనక నుంచి పట్టుకున్నా అంతే. నువ్వు మళ్ళీ పని మర్చిపోయావని తిట్టుకుంటూ మా వీధి మూలనున్న దర్జీ దగ్గరికి వెళ్ళాను. వాడే, కొట్టు అద్దం వెనక సన్ననడుము బొమ్మకి ప్యాంటు తొడిగి నిలబెడతాడు చూడు, వాడు. నా పాత ప్యాంటూ నీ కొత్త ప్యాంటూ బల్ల మీద పరిచి, ఈ రెండూ ఒక కొలత కాదన్నాడు. నీ చీటీ చూపించాను. వాడు నవ్వి, పాతదాని వెనక కుట్టు విప్పాడు. లోపల అతుకు. పట్టీలో ఇంకో అతుకు. పైన ముప్పై నాలుగు, లోపల నలభై.

వాడు అక్కడితో ఆగలేదు, నా నడుముకి టేపు చుట్టాడు. నలభై అని పైకి చదివాడు. నా దగ్గర బండి నేర్చుకునే అమ్మాయి వాళ్ళమ్మతో అక్కడే ఉంది. రోజూ నేను "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్" అని తిట్టే అమ్మాయి. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తొమ్మిదేళ్ళు! పార్సిల్ పార్సిల్‌కీ నా నడుము పెరుగుతుంటే నేను పంపిన పాత ప్యాంట్లు చూసి నీకు తెలుస్తూనే ఉంది. ఆ సంగతి నాకు తప్ప నీ కత్తెరకీ నీ మిషనుకీ నీ చీమలకీ తెలుసు.

మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మెట్ల మీద ఊడింది బూటు లేసు కాదు. గుండెకి పోయే ఒక నాళం సగం పూడిపోయిందట. మందులూ, తిండీ, నడకా అన్నీ సరిగ్గా ఉంటే ఇంకా ముదరకుండా ఆపొచ్చట. "మూడు నాలుగేళ్ళ ముందు వచ్చి ఉంటే ఇంతవరకూ రానిచ్చేవాళ్ళం కాదు" అన్నాడు. ఆ మూడు నాలుగేళ్ళూ నువ్వు కుట్టేశావు. నాన్నని చొక్కాలో పంపావు, నన్ను ప్యాంట్లో పంపుదామనుకున్నావు.

ఇక నాకు నీ బట్టలొద్దు.


కుట్టుగది

ముప్పై నాలుగు గారికి,

నీ ఉత్తరం మా ఆవిడ ముందు పైకి చదివాను. ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు. తొమ్మిదేళ్ళ క్రితమే నా ఏడుపు అయిపోయింది.

సరిగ్గా కుట్టినందుకు నా మొహాన కొట్టావు. వదులుగా కుట్టినందుకు ద్రోహి అంటున్నావు. బిస్కెట్లు నేను తినిపించానా? రాత్రిపూట వేపుళ్ళు నేను వేయించి పెట్టానా? నోరు నీది, గుడ్డ ఒక్కటే నాది. నీ పొట్ట ఎంత అడిగితే అంత గుడ్డ ఇచ్చాను. చీటీ మీద నువ్వు ఏ అంకె వినాలనుకుంటే ఆ అంకె రాశాను. నీతో బతికినవాళ్ళందరం అదే పని చేశాం. వదిన నీకు ఎదురు మాట్లాడితే కంచం విసిరేస్తావు. నీ దగ్గర నేర్చుకున్న పిల్లలు లైసెన్సు చేతికి రాగానే వీధిలో నిన్ను చూసి దారి మార్చుకుంటారు. నీకు నిజం చెప్పే మనిషిని ఒక్కణ్ణి మిగుల్చుకోలేదు నువ్వు. ఆఖరికి ఆ పని నీ గుండె చేయాల్సి వచ్చింది.

సరే, బొత్తాం పడలేదు కదా. ఒట్టు ఏమైంది? చక్కెర మానేస్తానన్నావు. కుక్కలా నడుస్తానన్నావు. నీ మాటకి కూడా వెనకాల అతుకుందా?

ఆ ముప్పై నాలుగు ప్యాంటు గోడకి తగిలించుకో. రోజూ దాన్ని చూసి సిగ్గుపడు. నువ్వు దాంట్లోకి ఈ జన్మలో దూరలేవు. కావాలంటే మా ఊరంతా పిలిచి పందెం వేస్తాను.

దర్జీ


డ్రైవింగ్ స్కూల్, ముందు గది

ఒరే అతుకుల వెధవా,

ఇన్ని నెలలు రాయకపోతే చచ్చాననుకున్నావా? నీకంత అదృష్టం లేదు.

ప్యాంటు గోడకే ఉంది. దాని పక్కన నీ ఉత్తరం కూడా మేకు కొట్టి పెట్టాను. టీలో చక్కెర మానేశాను. మొదటి వారం టీ తాగుతుంటే పాత్రలు కడిగిన నీళ్ళలా అనిపించింది. నిన్ను తిట్టుకుంటూ మింగాను. బండిలో బిస్కెట్లు పెట్టే అరలో ఇప్పుడు వేయించిన పల్లీలు కాసిని పెట్టుకుంటున్నాను. మీ వదిన కూరలు రెట్టింపు చేసి అన్నం సగం చేసింది. కంచం విసరలేదు. నీకు ఆ సంతోషం ఎందుకివ్వాలి?

తిన్నాక ప్రతిసారీ నడుస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళని మైదానంలో మొదటి గేరులో తిప్పిస్తానుగా, అప్పుడు పక్క సీట్లో నా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కూర్చోబెట్టి నేను కిటికీ పక్కన నడుస్తూ అరుస్తున్నాను. చాలామంది నాకంటే వెనకబడుతున్నారు. చున్నీ అడ్డం పెట్టుకుని నవ్విన అమ్మాయి "సార్, మీరు ఓవర్‌టేక్ చేస్తున్నారు" అంది. దాన్ని తిట్టబోయి నవ్వొచ్చి ఆగిపోయాను.

డాక్టర్ దగ్గర చక్కెర దిగింది, రక్తపోటు దిగింది. బొత్తానికీ కాజాకీ మధ్య ఇప్పుడు బెత్తెడే. ఇదంతా నీ మీద ప్రేమతో చేస్తున్నానని ఎక్కడా వాగకు. ఆ ప్యాంటు వేసుకుని నీ కొట్టుకి వచ్చి, నీ ఊరంతా చూస్తుండగా విప్పి మళ్ళీ నీ మొహాన కొట్టాలి. అందుకే నడుస్తున్నాను.

అన్నయ్య


కుట్టుగది

బెత్తెడు గారికి,

బెత్తెడు తగ్గించడం తేలిక. మిగిలిన బెత్తెడు దగ్గరే అందరూ కూలబడతారు. నువ్వూ కూలబడతావు. వచ్చే పార్సిల్లో మళ్ళీ నలభై అడుగుతావు. గుడ్డ సిద్ధంగా పెట్టుకున్నాను.

నన్ను తిట్టుకుంటే నీ కాళ్ళు కదులుతాయని తెలిసుంటే తొమ్మిదేళ్ళ క్రితమే మొదలుపెట్టేవాణ్ణి. నీకు మంచి మాట పనిచేయదు, ఎప్పుడూ పనిచేయలేదు. కాబట్టి విను. నువ్వు పిరికివాడివి. నువ్వు అరిచేది నీ భయం ఎవరికీ వినపడకూడదని. ఇది చదివి ఒళ్ళు మండితే లేచి నడు.

నాకు ఇక్కడ తల తిప్పుకునే తీరిక లేదు. పెళ్ళిళ్ళ బట్టలు వచ్చి పడ్డాయి. మిషను మీదే తినడం, మిషను మీదే టీ తాగడం. అటక మీద నుంచి గుడ్డ దించడానికి ఎక్కితే మొన్న కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. దుమ్ము. రోజంతా కూర్చునే పని కదా, పైజామాలకి ఎలాస్టిక్ వేసుకున్నాను, ప్రాణం హాయిగా ఉంది. నా గురించి నీకెందుకులే. చిన్నప్పట్నుంచీ నన్ను దారం అన్నది నువ్వే. నా నడుము ఇంకా ముప్పై రెండే.

దర్జీ


డ్రైవింగ్ స్కూల్, ముందు గది

ఒరే దారం,

బొత్తాం పడింది.

నిన్న పొద్దున పడింది. మీ వదిన చేత చూపించుకుని, అద్దంలో చూసుకుని, వీధి మూల దర్జీ చేత టేపు చుట్టించుకున్నాను. ముప్పై నాలుగు. డాక్టర్ మేడ మెట్లు ఆగకుండా ఎక్కాను. ఆ నాళం అలాగే ఉంటుంది, దాని మందులు మానకూడదు, కానీ ముదరడం లేదన్నాడు. నీ మొహాన కొట్టడానికి రావాల్సింది. కానీ ముందు ఇంకో లెక్క తేలాలి.

నీ పోయిన ఉత్తరం మడత విప్పితే నా ఒళ్ళో బిస్కెట్ పొడి రాలింది. నా జేబులు దులిపి నాకు నీతులు చెప్పినవాడి ఉత్తరంలోంచి! తర్వాత మరదలు ఫోన్ చేసింది. నువ్వు అటక ఎక్కి కూర్చున్నది ఒక్కసారి కాదట. ఇంటి మెట్ల మీద కూడా కూర్చుంటున్నావట. అడిగితే బూటు లేసు అంటున్నావట. ఒరే, నువ్వు వేసుకునేది చెప్పులు.

నాకున్న తండ్రే నీకూ ఉన్నాడు. నాకొక్కడికే వాటా పంచి పోలేదు ఆయన.

దర్జీగా ఊళ్ళో అందరి నడుమూ కొలుస్తావు. నీది ఎప్పుడు కొలుచుకున్నావు? ఎలాస్టిక్‌కి అంకెలుండవు కాబట్టి హాయిగా ఉంది నీకు. నా దర్జీ చేత నీకో ప్యాంటు కుట్టించి వేరే పార్సిల్లో పంపుతున్నాను. ముప్పై రెండని చీటీ ఉంది. వేసుకో. బొత్తాం పడితే పడిందని రాయి. పడకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పో.

అన్నయ్య


కుట్టుగది

అన్నయ్యకి,

పార్సిల్ అందింది. ప్యాంటు నాకు సరిగ్గా సరిపోయింది. బొత్తాం సులువుగా పడింది. ఒక్క కుట్టు కూడా నేను ముట్టుకోలేదు. మీ దర్జీ పనితనం బాగుంది, కాజాలు శుభ్రంగా తీశాడని చెప్పు.

మా ఆవిడ మాటలు పట్టించుకోకు, ఆవిడకి ప్రతిదానికీ కంగారే. పెళ్ళిళ్ళ పని అయిపోగానే డాక్టర్‌కి చూపించుకుంటాను.

నీకు బొత్తాం పడినందుకు సంతోషం.

నీ తమ్ముడు


డ్రైవింగ్ స్కూల్, ముందు గది

తమ్ముడూ,

ఆ ప్యాంటు నీకు సరిపోదు. నాకు సరిపోదు. ఊపిరి పీల్చే ఏ మగాడికీ సరిపోదు. అది వీధి మూల దర్జీ కొట్టు అద్దం వెనక నిలబెట్టిన బొమ్మ నడుముకి కుట్టించాను. చీటీ మీద మాత్రం ముప్పై రెండని రాయించాను. చీటీ ఒకటి, గుడ్డ ఒకటి. నీ దగ్గర నేర్చుకున్న విద్యే.

చేత్తో పట్టుకుంటే చాలు, అది మనిషి ప్యాంటు కాదని నీకు తెలిసిపోయేది. అంటే నువ్వు పార్సిల్ విప్పనే లేదు. అంత భయమా? నన్ను పిరికివాడన్నావు. నేను కనీసం నడుము చూపించుకున్నాను.

దాని కుడి జేబులో నీకో ఉత్తరం పెట్టాను. నువ్వు చూడకుండా జవాబు రాశావని తెలియగానే మొదట కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. అందులో రాసింది మళ్ళీ రాయను. అలాంటిది నేను జన్మలో ఒకసారే రాస్తాను.

ఒకటి గుర్తుపెట్టుకో. కొలత తీయకుండా ఎవరికైనా సరిపోయే గుడ్డ ఒక్కటే ఉంది. దాన్ని నాన్న మీద మనిద్దరం చెరో కొసా పట్టుకుని కప్పాం. నీ మీద కప్పడానికి రెండో కొస పట్టేవాడు నాకు లేడు.

ఆదివారం బయల్దేరి వస్తున్నాను. నీ టేపు నేను నమ్మను. నాది తెస్తాను. నీ కొట్లో జనం ముందే నీ పొట్ట కొలుస్తాను, నువ్వు నేల చూపులు చూస్తూ నిలబడు.

అన్నయ్య


గుండె జబ్బుల వార్డు, కిటికీ పక్క మంచం

అన్నయ్యా,

నీ ఉత్తరమూ, విప్పని పార్సిలూ రెండూ మా ఆవిడ ఇక్కడికే తెచ్చింది. బుధవారం మిషను మీద ఉండగా చొక్కా ఇరుకైనట్టనిపించింది. నాకు తెలిసిన మాటే కాబట్టి వెంటనే కేకేశాను. స్టెంట్ వేశారు. గుండెలో ఒక మూల కొంత చచ్చిపోయిందట, మిగతాది పనిచేస్తుందట. ముందే వచ్చి ఉంటే, అని ఇక్కడి డాక్టరూ అన్నాడు. అందరికీ ఇదే చెబుతారేమో.

ఇక్కడ అందరికీ ఒకే గౌను, వెనక బొందు. సన్నవాడికీ లావువాడికీ అదే. వేసుకోగానే నీ ఉత్తరంలో గుడ్డ గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి.

పార్సిల్ విప్పాను. ప్యాంటు చూసి పక్క మంచమాయన, ఎవరి పిల్లాడిదండీ అని అడిగాడు. జేబులో ఉత్తరం చదివాను. దానికి జవాబు ఈ కాగితం మీద రాయలేను.

నర్సు నా నడుముకి టేపు పెట్టింది. నలభై ఒకటి. నీ పాత నలభై కంటే ఒకటి ఎక్కువే. దీనికి అతుకేమీ లేదు.

ఆదివారం రా. నా మంచం మూడో అంతస్తులో, మెట్లకి ఆనుకునే ఉంది. ఎక్కేవాళ్ళ అడుగులు పడుకుంటే వినిపిస్తాయి. చాలామంది మధ్యలో ఆగుతారు. నువ్వు లిఫ్టులో రాకు. కింద నుంచి మెట్లెక్కి రా. ఆగకుండా వస్తున్న చప్పుడు వినాలని పడుకుని ఉంటాను.

నీ తమ్ముడు